మరల చూచిన ద్వీపము

గృహస్థధర్మమును యథాశక్తి నిర్వర్తించి, బిడ్డలను విద్యావంతులను గావించి, వారి వారి సంసారములలో వారిని నిలిపి, ఉద్యోగభారమును దించుకొన్న దంపతులకు, తొలియౌవనమున తాము కలిసి చూచిన ఒకానొక స్థలమును మరల చూడవలెనను కోరిక కలుగుట లోకమున సహజము. ఆ స్థలము తొలి కాపురము పెట్టిన అద్దెయిల్లు కావచ్చును; పెండ్లియైన క్రొత్తలో మ్రొక్కు తీర్చుకొనుటకై పోయిన సముద్రమధ్యక్షేత్రము కావచ్చును. ఈ కోరికను గూర్చి పెద్దలను అడిగినచో రెండు విధములైన సమాధానములు వచ్చును. వార్ధకమున మనస్సు వెనుకకు తిరుగుట రాగశేషమే యనియు, దానిని పోషించినకొలది బంధము బిగియుననియు కొందఱు చెప్పుదురు. క్షేత్రదర్శనము ఏ నిమిత్తమున జరిగినను పుణ్యమే గదా యని మఱికొందఱు ఊరడింతురు. మొదటి మాట కఠినము, రెండవది సులభము. ప్రశ్న మాత్రము రెండింటిలోను తీరలేదు. గడచిన కాలమును వెదకుకొనుచు పోవు యాత్ర తీర్థయాత్ర కాగలదా? స్మృతి మనుష్యుని కట్టివేయునా, విడిపించునా? రామేశ్వరద్వీపమునకు ఈ మధ్య మరల పోయివచ్చిన, నేనెఱిగిన ఒక వృద్ధదంపతుల యాత్రను ఆధారముగా గొని ఈ ప్రశ్నను విచారింపదలచితిని.

తల నెరసి, మేను ముడుతలు పడి, కొడుకునకు కొడుకు పుట్టగా చూచిన గృహస్థు అరణ్యమున కరుగవలెనని మనుస్మృతి ఆఱవ యధ్యాయము విధించినది. ఆ వెంటనే, భార్యను కుమారుల కప్పగించియైనను, తోడుకొనియైనను పోవచ్చునని వికల్పము చెప్పినది. ఆహారమునకు, ఆచ్ఛాదనమునకు సైతము నియమములు విధించిన శాస్త్రము ఈ యొక్క విషయమును ఆ యిరువురకు విడిచిపెట్టుట గమనింపదగినది. యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడువబోవుచు తన సంపదను మైత్రేయీ కాత్యాయనులకు పంచి యీయదలచినపుడు, ఈ ధనముతో అమృతత్వము లభించునా యని మైత్రేయి అడిగెను; లభింపదని విని, ధనమును కాదని జ్ఞానమునే కోరెను. ఆ మహర్షి గృహస్థుడుగా చేసిన కడపటి పని భార్యకు బ్రహ్మవిద్య చెప్పుట. భారతమున ధృతరాష్ట్రుడు అడవికి వెడలునపుడు కుంతి ముందు నడచుచుండగా, ఆమె భుజముపై గాంధారి చేయి, గాంధారి భుజముపై ఆ యంధనృపాలుని చేయి నిలిచి యుండెను. మన సంప్రదాయమున కడపటి ప్రయాణమునకు ప్రథమచిత్రము ఇదియే: ఒకరి భుజముపై ఒకరు చేయి వేసి నడచుట. వైరాగ్యమనగా ఒకరినొకరు విడిచిపోవుట యని భావించువారు ఈ చిత్రమును కొంతసేపు తలపోయుట మంచిది.

నేడు ఆ యడవులు లేవు, ఆ యాశ్రమములు లేవు. నేను చెప్పుచున్న దంపతులలో ఆయన బెజవాడలో హైస్కూలు ఉపాధ్యాయుడుగా పనిచేసి విరమించెను. ఆమె తపాలా కచేరీలో ఉద్యోగము చేసి పింఛను పుచ్చుకొనుచున్నది. 1970 దశకము చివర, పెండ్లియైన క్రొత్తలో, మద్రాసు మీదుగా రైలెక్కి వారు రామేశ్వరము పోయియుండిరి. ఇప్పుడు ఆమె మోకాళ్ళు రైలుపెట్టె మెట్లకు లొంగవు. ఆయనకు రాత్రులలో పలుమారులు లేవవలసిన యవసరము గలదు. అందుచేత కుమారుడు డ్రైవరుతో సహా ఒక కారవాన్‌ను అద్దెకు కుదిర్చెను. సినిమావారి షూటింగులలో మనము చూచు బండి వంటిదే, కొంచెము చిన్నది. లోపల రెండు పడకలు, మడతపెట్టు బల్ల, ఒక పొయ్యి, నీళ్ళ ట్యాంకు, మరుగుదొడ్డి. పోపులపెట్టెయు, మాగాయ సీసాయు, పంచపాత్ర ఉద్ధరిణియు, రక్తపోటు చూచుకొను యంత్రమును ఒకే యరలో సర్దుకొని వారు కోస్తాదారిని దక్షిణముగా బయలుదేరిరి.

ఇల్లు వదలిపోవలసిన వయస్సున ఇంటిని వెంట తీసికొనిపోవుట యేమి వానప్రస్థమని ఇచట ఆక్షేపణ కలుగవచ్చును. కాని మన పూర్వుల యాత్రలును ఇట్టివే. 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి బయలుదేరి, మఱుసటి సంవత్సరము సెప్టెంబరు 3న తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు డేరాలతో, బోయీలతో, పరివారముతో కాశికి పోయిరి. దారిలో వంట యుండెను, పూజ యుండెను, రోగము వచ్చినచో మందు నుండెను. యాత్రికుడు ఇంటిని మోయుటలో దోషము లేదు. ఏది మోయదగినదో, ఏది దింపదగినదో మార్గమున నేర్చుకొనకపోవుటలో దోషమున్నది. ఈ దంపతులకు గూడూరు దాటకమునుపే తాము తెచ్చుకొన్న రెండు పెట్టెలు అనవసరములని తెలిసిపోయెను. ట్యాంకులోని నీరు సాయంకాలమువఱకు రావలె ననునప్పుడు చెంబెడు నీటి విలువ తెలియును. పడక ప్రక్కనే పొయ్యియున్నప్పుడు, నలువదియేండ్లకు మించిన సంసారమున పోగుచేసిన వస్తుజాలములో బ్రదుకునకు కావలసినవి ఎంత కొద్దివో తెలియును. అపరిగ్రహమను మహావ్రతమునకు ఇది చిన్న యుపక్రమమే కావచ్చును; ఉపక్రమములను చులకన చేయరాదు.

మండపము దాటిన పిదప భూమి ముగిసి సముద్రము మొదలగును. 1914లో రైలువంతెన వేసినది మొదలు ద్వీపమునకు ఆ యినుపదారి యొక్కటే ఆధారమై యుండెను. రోడ్డువంతెన 1988లో గాని తెఱవబడలేదు. నీటికి కొంచెము మీదుగా, అంచున చేతిపట్టయిన లేని ఆ పట్టాలపై బండి నత్తనడకగా పోవుచుండగా, కిటికీలోనుండి చూచువారికి క్రింద సముద్రము తప్ప మఱేమియు కనబడెడిది కాదు. ఓడలు వచ్చినపుడు నడిమి ఖండములు రెండును చీలి పైకి లేచెడివి. ఆ పాతవంతెనపై 2022 చివర రాకపోకలు నిలిచిపోయినవి. దాని ప్రక్కనే నిర్మించిన క్రొత్తవంతెన 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమినాడు ప్రారంభమైనది. దాని నడిమి ఖండము చీలక, నిలువుగా మీదికి లేచును. మన దంపతుల బండి ఈ రెండింటికంటెను ఎత్తయిన రోడ్డువంతెనమీద నిలిచినపుడు, పాతదియు క్రొత్తదియు వారికి క్రిందుగా కనబడెను.

"మనం వెళ్ళినప్పుడు తెల్లవారుతోందండీ. మీరే నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టారు," అని ఆమె అనెను.

"తెల్లవారడమేమిటి? చీకటి పడుతుంటేను. కిటికీ దగ్గర కూర్చున్నది నేను. నువ్వు భయపడి కళ్ళు మూసుకున్నావు."

"భయపడింది నేను కాదండీ. మీ చెయ్యి చల్లబడిపోయింది. నాకు బాగా గుర్తు."

ఆయన ఒప్పుకొనలేదు. ఆమెయు మాట మార్చుకొనలేదు. ఉభయులును సత్యమే పలుకుచున్నారని నాకు నమ్మకము. ఒకే రైలులో, ఒకే బల్లపై కూర్చుండి చూచిన ఒకే సముద్రమును గూర్చి ఆ యిరువురి హృదయములలో రెండు వేర్వేఱు చిత్రములు ఇన్నాళ్ళు పదిలముగా నుండినవి. ఒకదానిలో ఉషస్సు, ఇంకొకదానిలో సంధ్య. స్మృతి గతమును దాచిపెట్టు ధనాగారము కాదని దీనివలన తేలుచున్నది. తలచుకొన్నప్పుడెల్ల మనస్సు గతమును మరల కల్పించుకొనును. అట్టి కల్పనను సత్యమని పట్టుకొని దానికొఱకు ఇంత దూరము పోవువారు, రాగమునకు లోబడినవారని పెద్దలు చెప్పిన మొదటి మాట ఇంతవఱకు నిజమే.

అయినను ఇట్టి పునర్దర్శనమును మన ఆదికవి నిషేధింపలేదు సరిగదా, ఇతిహాసమునకే శిఖరమున దానిని నిలిపెను. రావణవధానంతరము శ్రీరాముడు సీతతో పుష్పకమెక్కి పోవుచు, ఇది యుద్ధభూమి, ఇది నలుడు కట్టిన సేతువు, ఇది కిష్కింధ, ఇది పంచవటి యని ఒక్కొక్క స్థలమును ఆమెకు చూపెను. పుష్పకము కన్న గొప్ప కదలు గృహము ఏది? కాళిదాసు రఘువంశమున త్రయోదశసర్గనంతయు ఈ యొక్క ప్రయాణమునకే యిచ్చి, సీతను వెదకుచు తిరిగినపుడు ఆమె కాలి యందియ నేలపై పడియుండగా కనుగొన్న చోటును రాముడు వేలితో చూపునట్లు చెప్పినాడు. ఎడబాటున వేదనగా అనుభవించిన స్థలము కలయికలో దర్శనముగా మాఱినది. భవభూతి ఇంకను లోతునకు పోయెను. ఆయన రాముడు చిరకాలమునకు దండకారణ్యము ప్రవేశించి, ఒకప్పుడు ప్రవాహమున్నచోట ఇప్పుడు ఇసుకతిన్నెను, దట్టముగా చెట్లున్నచోట పలుచదనమును చూచి, ఇది ఆ వనమేనా యని సందేహించి, కొండలు కదలక నిలిచియుండుటచేత అదియే యని నిశ్చయించుకొనును. మాఱినదానిని మాఱనిదానివలన గుర్తించుట ఇచటి కీలకము.

మఱి మనలో మాఱని కొండ యేది? అద్వైతగ్రంథములలో తఱచుగా కనబడు దృష్టాంతమొకటి గలదు. ఏనాడో, ఎక్కడనో చూచిన దేవదత్తుని ఇప్పుడు, ఇచట మరల చూచి, ఆ దేవదత్తుడే ఈతడని గుర్తింతుము. ఆనాటి దేశకాలములును ఈనాటి దేశకాలములును పరస్పరవిరుద్ధములు. వానిని విడిచినచో మిగులునది ఒక్క దేవదత్తుడే. బ్రహ్మసూత్రముల ద్వితీయాధ్యాయమున సర్వమును క్షణికమను వాదమును ఖండించుచు, శంకరభగవత్పాదులు స్మృతినే ప్రమాణముగా చూపినారు. నిన్న చూచినవాడును నేడు తలచుకొనువాడును ఒక్కడు కానిచో, నేను చూచితినను తలపు పుట్టుటకే వీలు లేదు. ఆ దంపతులలో తల నెరసినది, పండ్లు ఊడినవి, వంతెన మాఱినది, స్మృతిచిత్రములే ఒకదానితో నొకటి కలియలేదు. ఇన్ని మాఱినను, నేను చూచితినని ఇరువురును నిశ్శంకగా అనగలుగుటకు ఆధారమైనది మాఱలేదు.

ఆ నేను అహంకారమే గదా, ఆత్మ యెట్లగునని జిజ్ఞాసువు అడుగవచ్చును. సమాధానము వారి సంభాషణలోనే యున్నది. భయపడినది నేను కాదని పట్టుపట్టునది అహంకారము. అది గతమునుండి తనకు గౌరవము గూర్చు భాగమును ఏఱుకొని, తక్కినదానిని త్రోసివేయును. భయమున్నప్పుడు భయమును, లేనప్పుడు లేమిని సమముగా వెలిగించినది సాక్షి. దానికి ఈ తగవులో పక్షము లేదు. స్మృతివెంట నడచి గతవిషయముకడ ఆగిపోయినవాడు బద్ధుడగుచున్నాడు. అచటినుండి ఒక్క యడుగు వెనుకకు వేసి, చూచినవాడెవడని విచారించువానికి ఆ స్మృతియే మార్గమగుచున్నది. రెండు మనస్సులు ఒకే గతమును రెండు విధములుగా చెప్పుకొనునప్పుడు ఈ విచారమునకు అవకాశము హెచ్చును. తన చిత్రము చిత్రమాత్రమేయని ఒంటరివానికి తెలియజెప్పువారు లేరు. దంపతులు కలిసి పోవుటలోని ఆధ్యాత్మికప్రయోజనము ఇదియని నేను తలంచుచున్నాను.

రామనాథస్వామి యాలయములోపల ఇరువదిరెండు తీర్థములు గలవు. ముందుగా అగ్నితీర్థమను పేరుగల సముద్రమున మునిగి, తడిబట్టలతోనే ఒక్కొక్క బావికడకు పోవలెను. బావిగట్టుపై నిలిచిన మనిషి త్రాటితో చేదను దింపి, నీరు తోడి, వరుసలో వచ్చినవారి తలలపై గుమ్మరించును. కడలికి అంత చేరువను ఆ నీరు ఉప్పగా లేకుండుట యాత్రికుల కందఱకు ఆశ్చర్యమే. రాతినేల తడిసి కాలు జాఱుచుండును. తొలిసారి వచ్చినపుడు ఒకరినొకరు మించి పరుగెత్తిన ఆ దంపతులు ఈసారి మణికట్లు పట్టుకొని, ఆగి ఆగి నడచిరి. ఒక తీర్థముకడ ఆమె నిలిచిపోగా, ఆయన తన యంగవస్త్రమును పిండి ఆమె కన్నులలోని నీటిని తుడిచెను. సేతుపతుల వంశీయులు కట్టించిన ఆ మహాప్రాకారమండపములో, కన్ను ముగింపు కనలేని స్తంభపంక్తుల నడుమ, వారి నడకకు తొందర యేమియు లేకుండెను.

ఆ గర్భాలయమునకు సంబంధించిన స్థలపురాణము అందఱెఱిగినదే. శివలింగమునకై హనుమంతుడు కైలాసమునకు పోయి రాక యాలస్యమాయెను. ముహూర్తము మించుచుండగా సీత ఇసుకతో లింగమును చేసెను. రాముడు దానినే ప్రతిష్ఠించెను. పిదప వచ్చిన హనుమంతుడు ఖిన్నుడై ఆ సైకతలింగమును పెకలింపబోయి అశక్తుడయ్యెను. రాముడు ఆతని భక్తిని మన్నించి, ఆతడు తెచ్చిన విశ్వలింగమునకే తొలిపూజ కల్పించెను. కైలాసమునుండి రావలసిన శిల రాకమునుపే, చేతికందిన ఇసుక ఈశ్వరుడైనది. వార్ధకమున యాత్రకు వచ్చిన దంపతులకు ఇంతకన్న ఆప్తమైన యుపదేశము లేదు. ఆనాటి కాళ్ళు, ఆనాటి కన్నులు, ఆనాటి రైలు మరల రావు; వానికై ఎదురుచూచినచో ముహూర్తము దాటిపోవును. ఇప్పుడు చేతనున్న వడకుచేతులు, మసకచూపు, తడియంగవస్త్రము పూజకు చాలును.

ద్వీపము కొన ధనుష్కోడి. ఒకప్పుడు మద్రాసునుండి బోట్‌మెయిల్ అచటివఱకు పోయెడిది. దిగిన ప్రయాణికులు స్టీమరెక్కి సింహళద్వీపమున తలైమన్నారు చేరెడివారు. 1964 డిసెంబరు 22 రాత్రి తుపానున ఉప్పెన వచ్చి, పాంబనునుండి బయలుదేరిన 653 నంబరు పాసెంజరును, అందున్న 100 మందికి పైగా ప్రయాణికులను, ఆ యూరిని మ్రింగివేసెను. రైలువంతెనను 46 దినములలో బాగుచేసిరి. ఊరిని మాత్రము నివాసయోగ్యము కాదని విడిచిపెట్టిరి. చర్చిగోడలు, స్టేషను మొండిగోడలు, నీళ్ళతొట్టి నేటికిని ఇసుకలో నిలిచియున్నవి. ఇప్పుడు కొనవఱకు రోడ్డు పడినది. ఇరుప్రక్కల రెండు సముద్రములు, నడుమ ఒక తారురేఖ. తామెన్నడును కాపురముండని ఊరిని తలచుకొని యాత్రికులు అచట కన్నీరు పెట్టుట నేనెఱుగుదును. కాని ఆ శిథిలముల ప్రక్కనే తాటాకు గుడిసెలలో జాలరులు నేటికిని కాపురమున్నారు. ఒకామె గవ్వలదండలు అమ్ముచు, వచ్చిన తమిళము నాలుగుమాటలతో పలుకరించిన మన యిల్లాలికి, త్రాగునీటికై ఇసుకలో చెలమ త్రవ్వుకొను విధమును చేతులతో అభినయించి చూపినది. అయ్యవారు శిథిలముల ఫోటోలు తీయుట మాని వచ్చి, ఆ చెలమను వంగి చూచిరి.

గతముపై మక్కువలోని నిజమైన దోషము నాకు ఇచటనే కనబడుచున్నది. అది పోయినదానికై దుఃఖించుటచే దోషము కాదు. ఎదుటనున్నవారిని కనబడకుండ చేయుటచే దోషము. 1897 జనవరిలో, పాశ్చాత్యదేశములనుండి తిరిగివచ్చి ఈ ద్వీపమున అడుగిడిన వివేకానందస్వామి, రామేశ్వరాలయమున చేసిన ప్రసంగములో, దీనులయందును దుర్బలులయందును శివుని చూచువాడే నిజముగా శివుని పూజించువాడని బోధించెను. ప్రతిమయందు మాత్రమే చూచువాని పూజ ప్రారంభదశలోనిదని ఆయన తాత్పర్యము. శిథిలములయందు మాత్రమే తన హృదయమును చూచుకొను యాత్రికునికిని ఇదే వర్తించును. చెలమలో నీరు చూచిన క్షణమున ఆ దంపతుల విహారము తీర్థయాత్రయైనదని నా విశ్వాసము.

కాశీరామేశ్వరయాత్రావిధిలో ఒక కార్యమున్నది. సేతుతీరమున ఇసుకను తీసి పూజించి, మూటకట్టి, ప్రయాగకు కొనిపోయి త్రివేణిలో కలుపవలెను. అచటినుండి గంగాజలమును తెచ్చి రామనాథునకు అభిషేకము చేయవలెను. అదే ప్రయాగలో మన దాక్షిణాత్యదంపతులు వేణీదానము చేయుదురు. భర్త భార్యను ఒడిలో కూర్చుండబెట్టుకొని, స్వహస్తములతో జడయల్లి, కొస కత్తిరించి నదికి అర్పించును. ఈ విధులను ఏర్పరచినవారు మనుష్యహృదయము నెఱిగినవారు. ఇసుకను ముట్టవద్దని వారు చెప్పలేదు. ముట్టి, పూజించి, మోసికొనిపోయి, విడువుమనిరి. జడను ప్రేమింపవద్దనలేదు, ప్రేమతో అల్లి అర్పింపుమనిరి. స్మృతికిని ఇదియే విధి. తొలియౌవనమును మఱచిపొమ్మని వృద్ధులకు చెప్పుట క్రౌర్యము. దానిని పెట్టెలో దాచుకొమ్మనుట బంధము. దానిని కలిసి తలచుకొని, దానిలోని భేదములను కలిసి గుర్తించి, తలచుకొనువాడెవడని కలిసి విచారించి, చిత్రమును ఈశ్వరున కర్పించి, మిగిలిన దినములను ఎదుటనున్న మనుష్యులకై వినియోగించుట ధర్మము. ఆ దంపతులు బండిలో ఇసుకమూటతో తిరిగివచ్చిరి. ప్రయాగకు పోవు తేదీని కుమారుడు ఇంకను నిశ్చయింపలేదు. నిశ్చయమైనను కాకున్నను, తమతోడి వృద్ధులలో ఎవ్వరైనను యౌవనమునాటి క్షేత్రమును మరల చూడవలెనని కోరినచో, రాగమని వారింపక, వారికి బండి కుదిర్చి, దంపతులను కలిపి పంపుడని, కుమారులకును కోడండ్రకును నేను మనఃపూర్వకముగా విన్నవించుకొనుచున్నాను.